మంచం పక్కన మనిషి పేరు కూడా రాసుకోండి

ఆంధ్రప్రదేశ్ వయోవృద్ధుల సంక్షేమ శాఖ మంత్రిగారికీ, కార్మిక శాఖ మంత్రిగారికీ, ఆ రెండు శాఖల అధికారులకూ,

నమస్కారాలు.

మాది రాజోలు దగ్గర, వైనతేయ గోదావరి గట్టు పక్క ఊరు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. 2020 చివర్లో మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మూడున్నరేళ్లు మంచం మీదే ఉండి, 2024 వేసవిలో వెళ్లిపోయింది. ఆ మూడున్నరేళ్లలో అమ్మను చూసుకోవడానికి మా ఇంటికి ముగ్గురు వచ్చారు. ఏజెన్సీ వాళ్లు వాళ్లను కేర్‌టేకర్ అంటారు. ఆస్పత్రిలో అటెండెంట్ అంటారు. మా ఊళ్లో ఆయా అంటారు. చాలామంది ఏ పేరూ పెట్టకుండా 'మనిషిని పెట్టుకున్నాం' అంటారు. ఆ మనిషి గురించే ఈ ఉత్తరం.

మొదట వచ్చిన అమ్మాయికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. 'ట్రైనింగ్ అయిన నర్సండీ' అని ఏజెన్సీ వాళ్లు ఫోన్లో చెప్పారు. తెల్ల కోటు వేసుకుని, మెడలో కార్డుతో వచ్చింది. మూడో రోజు పొద్దున్న అమ్మను లేపి కూర్చోబెట్టడానికి ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని లాగింది. అమ్మ అరిచిన అరుపు నాకు ఇంకా చెవిలో ఉంది. పక్షవాతం వచ్చిన చేతికి కండ పట్టు ఉండదని, దాని బరువుకే భుజం కీలు జారుతుందని, దాన్ని పట్టుకుని ఎప్పుడూ లాగకూడదని తరవాత ఫిజియోథెరపిస్టు చెప్పారు. ఆ పిల్ల నాకంటే ఎక్కువ ఏడ్చింది. 'నాకెవరూ చెప్పలేదండీ' అంది. మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. అంతకుముందు వారం దాకా రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని చేసేదట. ఏజెన్సీ ఇచ్చిన ట్రైనింగల్లా ఆ కోటు తొడిగించడమే.

ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. కోటు తొడిగి పంపినవాళ్లను అడిగే నాథుడు లేడే అన్నదే నా బాధ.

రెండో ఆవిడ ఎనిమిది నెలలు చేసింది. అమ్మ పగలంతా మత్తుగా పడుకునేది. నీరసం అనుకున్నాను. ఒకరోజు నిద్రమాత్రల స్ట్రిప్పు లెక్క చూస్తే డాక్టరు రాసినదానికంటే రెట్టింపు అయిపోయి ఉన్నాయి. పంపించేశాను. ఏజెన్సీకి చెబితే 'సారీ అండీ, ఇంకొకరిని పంపిస్తాం' అన్నారు. నెల తిరక్కుండా ఆవిడ వేరే ఏజెన్సీ ద్వారా పాలకొల్లులో ఇంకో పెద్దాయన దగ్గర చేరిందని తెలిసింది. ఆ ఇల్లెక్కడో నాకు తెలీదు. తెలిస్తే పరిగెత్తుకెళ్లి చెప్పేదాన్ని. ఎవరికి చెప్పాలి, ఎక్కడ రాయించాలి అని పదిమందిని అడిగాను. పోలీసులు కేసంటే కేసు అన్నారు. అంతకు తక్కువైతే రాసుకునే పుస్తకమే లేదు.

2022 మొదట్లో మూడో మనిషి వచ్చింది. నలభై అయిదేళ్లు ఉంటాయి. చదువుకున్నది అయిదో తరగతి. మా అమ్మ ఆమెను 'అమ్మడూ' అని పిలిచేది కాబట్టి నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

అమ్మడు చేసే పని ఒకటి మీకు దగ్గరగా చూపించాలి. రాత్రి పదింటికి ట్యూబులైటు వేసి, అమ్మ మడమల కింద వేళ్లు పెట్టి తడిమేది. తరవాత నడుం కింద ఎముక, మోచేతులు, తల వెనక. ఎర్రబడిన చోట బొటనవేలితో నొక్కి చూసేది. 'నొక్కితే తెల్లబడి మళ్లీ ఎర్రబడితే పర్లేదండి. నొక్కినా అలా ఎర్రగానే ఉండిపోతే లోపల పుండు మొదలైనట్టండి' అని నాకు చెప్పింది. పాత నేత చీర నాలుగు మడతలు వేసి, అమ్మ భుజాల దగ్గర్నుంచి తుంటి దాకా కింద పరిచేది. పక్కకు తిప్పాలంటే ఆ చీర అంచు పట్టి లాగేది తప్ప అమ్మ ఒంటిని లాగేది కాదు. రెండు గంటలకోసారి ఫోన్లో అలారం మోగేది, రాత్రయినా సరే. అన్నం పెట్టే ముందు వీపు వెనక మూడు దిండ్లు సర్దేది. చెంచా కుడివైపు నుంచే నోట్లో పెట్టేది. 'మింగారా మామ్మగారూ? ఏదీ, నోరు చూపించండి' అని చూసి గానీ రెండో చెంచా పెట్టేది కాదు. 'పల్చటి నీళ్లకే పొలమారుతుందండి, చిక్కగా ఉంటే మింగుతారు' అని జావ చిక్కగా కాచేది. తిన్నాక అరగంట పడుకోనిచ్చేది కాదు. అమ్మ ఒంటి మీద పోయేదాకా ఒక్క పుండు లేదు. మంచాన పడ్డవాళ్లను చూసిన వాళ్లకు ఆ మాట విలువ తెలుస్తుంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, 'ఆయ్, కువైట్‌లో ఒక పెద్దావిడ దగ్గర ఆరేళ్లు చేశానండి' అంది. ఆ ఇంటికి వచ్చే ఫిలిప్పీన్స్ నర్సు చెయ్యి పట్టుకుని నేర్పిందట.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు అమ్మడి ఇల్లున్న లంకంతా మునిగిపోయింది. ఆమె మనుషులు ఒడ్డున హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రానికి చేరారు. ఆమె మా ఇంట్లో ఉండిపోయింది. మా వీధిలోకి నీళ్లు రాలేదు గానీ కరెంటు పోయింది. పుండ్లు పడకుండా అమ్మ కింద వేసిన గాలి పరుపు మోటారు ఆగి, పరుపు చప్పబడిపోయింది. మూడు రాత్రులు గంటకోసారి అమ్మను ఆ చీరతోనే అటూ ఇటూ తిప్పింది. నీళ్లు తీశాక ఇంట్లో పేరుకున్న ఒండ్రు ఎత్తిపోసుకోవడానికి మూడు రోజులు వెళ్లొచ్చింది. ఏజెన్సీ ఆ మూడు రోజుల జీతం కోసేసింది. నాకు తెలిశాక ఆ డబ్బు నేను ఇచ్చాను. అయినా ఆమె జీతం నా దయ మీద ఆధారపడటం నాకు సిగ్గనిపించింది.

అసలు ఆమె జీతమెంతో ఏడాది దాకా నాకు తెలీదు. ఏజెన్సీ నెలకు మా దగ్గర 24,000 తీసుకునేది. ఆమె చేతికి ఇచ్చింది 14,000. ఒరిజినల్ ఆధార్ కార్డు వాళ్ల బీరువాలో ఉంది. 'అందరికీ 17 ఇస్తారండి, నాకు మాత్రం 14' అంది. ఎందుకంటే, అంతకుముందు పనిచేసిన ఇంట్లో గాజులు పోయాయట. ఈమె మీద చెప్పారు. రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. మూడో రోజు ఆ గాజులు పెళ్లికి పెట్టుకెళ్లిన కోడలి బ్యాగులోనే దొరికాయి. ఎవరూ తప్పయిందని అనలేదు. ఈలోగా ఆమె ఫోటో 'జాగ్రత్త' అన్న మాటతో ఏజెన్సీల వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. ఎవరూ తీయలేదు. ఆ ఫోటో చూపించే మా ఏజెన్సీ ఆమె జీతం తగ్గించింది.

కాబట్టి రిజిస్టరు లేదని అనలేను. ఉంది. అది ఏజెన్సీ వాళ్ల ఫోన్లలో ఉంది. అందులో నిద్రమాత్రలు మింగించిన ఆవిడ పేరు లేదు. అమ్మడి ఫోటో ఉంది. ఆ పుస్తకాన్ని వాళ్ల చేతుల్లోంచి తీసుకుని ప్రభుత్వం తన దగ్గర పెట్టుకోవాలన్నదే నా విన్నపం.

చట్టాలు నాకు తెలిసినంతలో చూశాను. నర్సులకు కౌన్సిల్ ఉంది, నమోదు ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపిస్టులకూ, ల్యాబ్ టెక్నీషియన్లకూ, ఇంకా ఎంతోమందికి రిజిస్టరు పెట్టమంది. అయితే అందులో చేరాలంటే కనీసం 2,000 గంటల డిప్లొమానో డిగ్రీనో ఉండాలి. అయిదో తరగతి చదివిన అమ్మడు దాని గడప కూడా తొక్కలేదు. అసంఘటిత కార్మికులకని కేంద్రం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ఈ-శ్రమ్ కార్డు ఆమెకు ఉంది. అది ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్న కార్డు. ఆమెకు పని వచ్చో రాదో, ఎవరి దగ్గర చేస్తోందో, ఎంత ఇస్తున్నారో దానికి తెలీదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. పిల్లలు చూడకపోతే ఆర్డీవోగారి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పిల్లలు డబ్బిచ్చి పెట్టిన మనిషి సరిగ్గా చూడకపోతేనో, ఆ మనిషినే ఇంటివాళ్లు సరిగ్గా చూడకపోతేనో ఎక్కడికి వెళ్లాలో ఆ చట్టంలో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లులో ఆ ఆలోచన ఉంది. ఇంటికొచ్చి సేవ చేసే సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని, వాళ్లు పెట్టుకునే మనుషులకు శిక్షణ, పోలీసు వెరిఫికేషన్ ఉండాలని రాశారు. పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదికా వచ్చింది. 2024లో ఆ లోక్‌సభతో పాటు ఆ బిల్లూ పోయింది. ఇంటిపనివాళ్లకు చట్టం సంగతి చూడమని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

కేంద్రం చేసేదాకా ఆగక్కర్లేదు. ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలో ఉంది, కార్మిక సంక్షేమం ఉమ్మడి జాబితాలో ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలచేత వల్లె వేయించిన పాఠం అది.

ఇంకో విషయం నన్ను చాలా బాధపెడుతుంది. ఇదే అమ్మడు కువైట్ వెళ్లేటప్పుడు దేశానికి ఆమె లెక్కలో ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పనివాళ్లను పైదేశాలకు పంపే ఏజెంటు కేంద్రం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. అగ్రిమెంటు ఉండాలి, బీమా ఉండాలి. దాన్ని తప్పించి విజిట్ వీసాల మీద పంపేసే సబ్ ఏజెంట్లు మా కోనసీమలో ఉన్నారని అందరికీ తెలుసు. అయినా మోసపోయిన ఆడమనిషి వస్తే ఏం రాసుకోవాలో అధికారికి తెలుసు. అదే మనిషి అదే పనిని గోదావరి గట్టున, తన భాష మాట్లాడే ముసలావిడకు చేస్తే ఏ కాగితంలోనూ ఉండదు.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను చూసుకునే పని చేస్తోంది. అక్కడ 2020 ఏప్రిల్ నుంచి ఆ పని చేసే ప్రతి ఒక్కరూ పేరు నమోదు చేసుకోవాలి. రిజిస్టరులో పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఫిర్యాదు వస్తే విచారణ ఉంటుంది, తన మాట తను చెప్పుకోవచ్చు. పక్కనే ఇంగ్లండ్‌లో మాత్రం ఈ పనివాళ్లకు అలాంటి తప్పనిసరి రిజిస్టరు లేదు. అంత డబ్బున్న దేశంలోనూ ఇది తేలని చర్చే అన్నమాట. ఆ అమ్మాయి ఒక మాట చెప్పింది. 'కార్డు నా పేరు మీద ఉంది టీచర్, కంపెనీ మారినా నాతోనే వస్తుంది.' నాకు కావలసింది సరిగ్గా అదే.

నమోదు ఏజెన్సీ ద్వారా జరగకూడదు. గ్రామ సచివాలయంలో, ఆ మనిషి పేరు మీద, పైసా ఫీజు లేకుండా జరగాలి. అక్కడ ఏఎన్ఎం ఉంటారు, మహిళా పోలీసు ఉంటారు. వెరిఫికేషన్ ఒక్కసారి చేసి నంబరు ఇస్తే, ఇల్లు మారినప్పుడల్లా స్టేషన్ చుట్టూ తిరిగే పని ఉండదు. ఏ ఇంట్లో ఎంతకాలం చేసిందో ఆ నంబరు కింద చేరుతూ ఉండాలి.

పని వచ్చో రాదో తేల్చే తీరు మీద దయచేసి ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఇక్కడే మంచి పథకాలు పాడైపోతాయి. హోమ్ హెల్త్ ఎయిడ్, జనరల్ డ్యూటీ అసిస్టెంట్ అని నైపుణ్య కోర్సులు ఉన్నాయి. చేరాలంటే చదువు అడుగుతారు. రేపు సర్టిఫికెట్ ఉంటేనే నమోదు అన్నారనుకోండి, నెల రోజుల్లో కాకినాడ నుంచి భీమవరం దాకా సర్టిఫికెట్లు అమ్మే కొట్లు వెలుస్తాయి. రొయ్యల ప్లాంటు నుంచి వచ్చిన పిల్లకు పదో తరగతి పాసైన కాగితం ఉంది కాబట్టి కార్డు వస్తుంది. అమ్మడు ఇంటికి పోతుంది. అలా జరిగితే మా లాంటి ఇళ్లకు ఇప్పటికంటే పెద్ద దెబ్బ. చేతిని చూసి నమోదు చేయండి. ఏరియా ఆస్పత్రిలో ఒక మంచం వేయండి. స్టాఫ్ నర్సూ, ఫిజియోథెరపిస్టూ పక్కన నిలబడి, 'పక్కకు తిప్పమ్మా, జావ పట్టమ్మా, ఎర్రబడిన చోటు చూపించమ్మా' అని తెలుగులో అడగండి. గంటలో తెలిసిపోతుంది. రానివాళ్లకు నేర్పండి. ఆ మొదటి పిల్లకు పది రోజులు ఎవరైనా నేర్పి ఉంటే ఎంత బాగా చేసేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆమెకు ఓపిక ఉంది, జాలి ఉంది.

ఏది చేయకూడదో కూడా ఆ కార్డు మీదే రాయండి. ఇంజెక్షన్ చేయమని, మూత్రం గొట్టం మార్చమని ఇంటివాళ్లే బలవంతపెడతారు. ఆ తప్పు నేనూ చేశాను. వరద రోజుల్లో నర్సు రాలేకపోతే, అప్పట్లో కొన్నాళ్లు అమ్మకు ముక్కులోంచి వేసిన గొట్టం మార్చమని అమ్మడిని అడిగాను. 'అది నేను చెయ్యకూడదండీ, ఊపిరితిత్తిలోకి పోతే మామ్మగారు దక్కరు' అని గట్టిగా చెప్పింది. అంత ధైర్యం అందరికీ ఉండదు. కార్డు మీద రాసి ఉంటే, చెప్పడానికి ఆధారం ఉంటుంది.

ఏజెన్సీలకు లైసెన్సు పెట్టండి. ఇంటివాళ్లు కట్టిందెంత, మనిషికి ఇచ్చిందెంత అన్న రెండు అంకెలూ ఒకే రసీదులో ఇద్దరికీ ఇవ్వాలనండి. కమీషన్‌కు ఒక హద్దు పెట్టండి. ఒరిజినల్ ఆధార్ దగ్గర పెట్టుకుంటే లైసెన్సు తీసేయండి. '24 గంటల డ్యూటీ' అని రాసుకుంటారు. ఆ మనిషి ఎప్పుడు పడుకోవాలో రాయరు. వారానికి ఒక రోజు సెలవు, రాత్రి నిద్రకు గంటలు ముందే రాసి ఉండాలి. ఆ రోజు ఎవరు చూస్తారని ఇంటివాళ్లు అడుగుతారు. నేనూ అడిగాను. మేమే చూసుకోవాలి, లేకపోతే ఇంకొకరికి డబ్బు కట్టాలి.

ఫిర్యాదు రెండు వైపుల నుంచీ తీసుకోండి. మగపిల్లలున్న ఇళ్లల్లో ఈ ఆడవాళ్లు పడేవి కొన్ని నాతో చెప్పారు, ఇక్కడ రాయలేను. ఇంటిపనివాళ్లు కూడా కలెక్టరుగారు నియమించే స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చని పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం అంటోంది. నేను చెప్పేదాకా అమ్మడికి ఆ సంగతి తెలీదు. ఆ కమిటీ నంబరు, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567, రెండూ కార్డు వెనక అచ్చు వేయండి.

ఆ కార్డు మీద కులం మాత్రం వద్దు. ఏజెన్సీకి ఫోన్ చేయగానే చాలామంది ముందు అడిగేది 'ఏ వాళ్లండీ?' అని. చేతులు వేరొకరివి కావాలి గానీ ఆ చేతులతో వంటింట్లోకి రాకూడదంటారు. మా అమ్మా ఆ కాలం మనిషే. మొదటి వారం అమ్మడికి విడిగా గ్లాసు పెట్టమంది. నేను పెట్టలేదు. నెల తిరిగేసరికి అమ్మడు పట్టకపోతే జావ తాగేది కాదు.

మన రాష్ట్రంలో ఆడవాళ్లకు సగటున 1.7 మందే పిల్లలని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. రేపు పుట్టబోయే పిల్లల గురించి అంత ఆలోచించిన ప్రభుత్వం, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండగా ఈ రోజు డెల్టా ఊళ్లలో తాళం వేసిన గదుల మధ్య ఒక్క గదిలో పడుకుని ఉన్న పెద్దవాళ్ల గురించీ ఆలోచిస్తుందని నా నమ్మకం. గోదావరి మీద పడవలకు కంట్రోల్ రూములు 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగి అంతమంది పోయాక వచ్చాయి. నాలుగు గోడల మధ్య జరిగేది పడవ మునిగినట్టు టీవీలో రాదు. ఎవరూ లెక్కపెట్టరు.

మొదలు పెట్టడానికి కొత్త ఆఫీసు అక్కర్లేదు. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకు 2024 జూలై నుంచి మీరు నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు. ప్రతి నెలా 1వ తేదీన సచివాలయం ఉద్యోగి ఆ మంచం దాకా వచ్చి వేలిముద్ర తీసుకుని డబ్బు చేతికిస్తారు. మా వీధిలో అలాంటి ఇళ్లు రెండున్నాయి. ఒకదాంట్లో కోడలే చూసుకుంటోంది, ఇంకోదాంట్లో అమ్మడు ఉంది, మా ఇంటి తరవాత అక్కడ చేరింది. వచ్చే 1వ తేదీన ఆ ఉద్యోగి చేతిలోని ఫోన్లో ఇంకొక్క గడి పెట్టించండి. 'మిమ్మల్ని చూసుకుంటున్నది ఎవరండీ?' అని అడిగి, పక్కన నిలబడ్డ మనిషి పేరు, ఊరు, ఎవరు పంపారో, నెలకు ఎంత ఇస్తున్నారో రాసుకోమనండి. అమ్మడు చెబుతుంది. ఆమె పేరు ఆ ఫోటో కింద తప్ప ఎక్కడా లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచరు,
రాజోలు ప్రాంతం, కోనసీమ.